మా ఆయన బానెట్ ఎత్తిన రోజు

ఫోన్‌లో కార్ల వీడియోలు చూసి చూసి మా ఆయన సగం మెకానిక్ అయిపోయారు. మిగతా సగం ఎందుకు మిగిలిందంటే, అంతవరకూ ఆయన ఏ కారు బానెట్టూ ఎత్తలేదు. ఆ లోటు మా పాత పెట్రోలు కారు తీర్చింది.

కుప్పంలో ఆడబిడ్డ గృహప్రవేశానికి మదనపల్లె నుంచి పొద్దున్నే బయల్దేరాం. వెనక సీట్లో అత్తమ్మ. పుంగనూరు దాటాక, రోడ్డు ఎత్తెక్కే చోట, కారు ఉన్నట్టుండి నీరసించింది. ఇంజిన్ నడుస్తూనే ఉంది గానీ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా జోరందుకోదు. పక్కకు ఆపి, ఆపరేషన్‌కు దిగిన పెద్ద డాక్టరులా మా ఆయన బానెట్ ఎత్తారు. పైకి కనబడిన నల్ల డబ్బాను తట్టి, థ్రాటిల్ ఇదేనని, పోయిందని తేల్చేశారు. డబ్బా మీద ఎయిర్ ఫిల్టర్ అని రాసి ఉంది. చదివి వినిపించాను. కంపెనీవాళ్లు అలాగే రాస్తారట. ఆ తర్వాత బ్యాటరీ తీగలు కదిపారు, ఆయిల్ చూసే పుల్లను లాగి వాసన చూశారు, రేడియేటర్‌నూ ఓసారి పలకరించారు.

నాకు యంత్రాలు తెలియవు. కానీ కాలితో తొక్కితే లోపల ఏదో ఒకటి కదలాలి కదా అనిపించింది. ఇంజిన్ ఆపించి, అత్తమ్మను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, కుడి పక్క పెడలు తొక్కుతూ వదులుతూ ఉండమన్నాను.

"తొక్కతానే ఉండానమ్మా. యాడన్నా కదల్తాందా?"

కదులుతోంది. నల్ల డబ్బా నుంచి వెళ్ళిన లావు రబ్బరు గొట్టం చివర అరచేతిలో పట్టేంత ఇనప ముక్క ఉంది. అసలు థ్రాటిల్ అది. దాని పక్కన చిన్న చక్రం, ఒక స్ప్రింగు, సైకిల్ బ్రేకు తీగలాంటి కేబుల్. అత్తమ్మ తొక్కినప్పుడల్లా కేబుల్ పైతొడుగు ఊగుతోంది, చక్రం మాత్రం తిరగడం లేదు. తొడుగును పక్కనున్న ఇనప పట్టీకి బిగించి ఉంచే నట్టు వదులై, తొడుగు ఆ పట్టీలోంచి ఊడొచ్చింది. చక్రాన్ని వేలితో తిప్పి వదిలితే లోపల ఏదో రేకు టక్కుమని మూసుకుంది.

తర్వాత కారుతో ఇచ్చిన పుస్తకంలో చదివాను: ఆ రేకు గాలి పోయే తలుపు. పెడలు తొక్కితే అది తెరుచుకుంటుంది, వచ్చిన గాలికి తగిన పెట్రోలు ఇంజిన్ తనే చూసుకుంటుంది. పెడలు తొక్కడమంటే పెట్రోలు పొయ్యడమేనని మా ఆయన అన్నేళ్లుగా ఇంటిల్లిపాదికీ పాఠం చెబుతూ వచ్చారు.

తొడుగును పట్టీలో కూర్చోబెట్టి నట్టు బిగించాను. స్పానర్ ఆయనే అందించారు. కారు స్టార్ట్ చేసి తొక్కితే ఇంజిన్ గట్టిగా రంకె వేసింది.

"నేనూ అదే గదా చెప్తాండేది," అన్నారు.

"యాడ చెప్తివిరా? డబ్బా పోయిందంటివి," అంది అత్తమ్మ, డ్రైవర్ సీటు దిగకుండానే.

కుప్పంలో భోజనాల దగ్గర ఆయన ఈ కథ వాళ్ల బావకు వివరంగా చెప్పారు. అందులో స్పానర్ అందించింది నేను. బావ ముచ్చటపడి, తన కొత్త కారులో కేబుల్ ఎక్కడుందో చూపించమన్నాడు. కొత్త కార్లలో కేబులే ఉండదని, పెడలుకూ థ్రాటిల్‌కూ మధ్య కరెంటు తీగలే ఉంటాయని, రేకును ఒక చిన్న మోటారు తెరుస్తుందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. వాళ్లిద్దరూ ఎండలో వంగి లేని కేబుల్ కోసం వెతుకుతుంటే, నేనూ అత్తమ్మా మరో గరిటె పాయసం వేయించుకున్నాం.