తెర మీద పట్టిన ఒక్క పేరు

టంకం పొగ ముక్కుకు తగిలితే ఇప్పటికీ మస్తాన్ అన్న గుర్తొస్తాడు. మొన్న ఆఫీసులో ఎవరో తెగిన తీగ అతికిస్తుంటే పని వదిలేసి బయటికి వెళ్ళిపోయాను. అనంతపురంలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ల్యాబ్ అసిస్టెంట్. అంతకుముందు టీవీ మెకానిక్కు. పదో తరగతి తప్పాడని లెక్చరర్లకు చులకన. ఏ పరికరం మొరాయించినా మాత్రం ముందు ఆయన్నే పిలిచేవారు.

రెండువేల దశకం మొదట్లో, చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒక చిన్న బోర్డునుంచి పాత టీవీ మీదికి తెలుగు అక్షరాలు పంపాలనుకున్నాను. బోర్డులో వీడియో కోసం వేరే భాగమేదీ లేదు. రెండు రెసిస్టర్లు, ఒక వైరు. గీత తర్వాత గీతగా బొమ్మంతా నా ప్రోగ్రామే పంపాలి. రెండు వారాలు కుస్తీ పట్టినా అక్షరాలు నిలవలేదు, జారిపోయేవి. మస్తాన్ అన్న వెనక నిలబడి చూశాడు.

"మీది ముదిగుబ్బ పక్కనే కదమ్మా? గొర్రు ఎనక శనక్కాయ ఇత్తనాలు పోసినావా?"

"పోసినాన్నా."

"చెయ్యి ఒగసారి బిరీన, ఒగసారి నిదానంగా ఆడితే?"

"సాల్లో సందులు పడతాయి."

"ఈడా అంతే. అచ్చరముండే గీతకు ఎంతసేపో, ఖాళీ గీత కాడా అంతసేపు ఊరకే నిలబడాల. నువ్వు పని లేదని ముందే పరిగెత్తిపోతాండావు."

ఆ మాట పట్టుకుని ప్రోగ్రాం సరిచేశాను. అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. "ఎన్ని టీవీలు బాగుచేసినానో. ఒగతూరి దాంట్లో నా పేరు చూడాలమ్మా. మా ఇంటామెకు చూపించాల," అన్నాడు. పరీక్ష రోజున తప్పకుండా పెడతానని మాటిచ్చాను.

బోర్డు మీది చిప్పులో ఒక్క పేరుకే చోటుంది. పరీక్ష రోజు పొద్దున్నే మా డిపార్ట్‌మెంటు హెడ్డు వచ్చి తన పేరు పెట్టమన్నాడు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. నోరెత్తకుండా మస్తాన్ పేరు చెరిపేసి ఆయన పేరు పెట్టాను. పిరికిదాన్ని, ఇంకో మాట లేదు.

కాసేపటికి మస్తాన్ అన్న తన భార్య ఖాజాబీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొత్త చీర కట్టుకుంది. ఆయన తెర చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఆమె చెవిలో ఏదో చెప్పి తెరవైపు వేలు చూపించాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. మర్నాడు తలెత్తలేక నిలబడితే, "బొమ్మ నిలబడింది కదమ్మా, సాలు," అన్నాడు.

క్షమించమని అడగడం ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. ఆయన పోయాడని తెలిశాక అదే బోర్డులో ఆయన పేరు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో ఉన్న పాత టీవీకి కలిపితే పేరు చక్కగా నిలబడింది.

"ఇదేందమ్మా?" అంది ఖాజాబీ. ఆమెకు చదువు రాదు.

"అన్న పేరు."

ఆమె దగ్గరికొచ్చి చూసింది. "ఆ పొద్దు కాలేజీలో 'ఇదే నా పేరు' అని ఆయన చూపించినాడే, అది పొడుగ్గా ఉండె. ఇదేమి ఇంత పొట్టిగా ఉండాది?"

టీవీ వెనక వైరు సరిచేస్తున్నట్టు వంగాను. "అది ఇంటిపేరు షేక్ కూడా కలిపి రాసిందమ్మా," అన్నాను చివరికి.

"అట్లనా," అని ఆమె కొంగుతో తెర తుడిచింది. ఆ పేరు ముందు ఇద్దరం కాసేపు కూర్చున్నాం. ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకోలేదు. ఆయన ఆడిన అబద్ధం ఒక్కటే నిలబెట్టాను.