వెనక బెంచీ మేడమ్మ

"నా క్లాసులో కూర్చోడానికి మీరెవరండీ? ఇన్‌స్పెక్టరా?" అని ఫిజిక్సు జగ్గారావు మేష్టారు వరండా అంతా వినపడేలా అరిచారు. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. నేను ఆ కాలేజీలో బోర్డులు తుడిచి, నీళ్ళు పెట్టేదాన్ని. చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. కదిలితే కదా!

కాలేజీకి కొత్తగా వచ్చిన మేష్టరమ్మ రమాదేవి గొంతు పెంచలేదు. "మిమ్మల్ని చూడ్డానికి కాదండీ, పిల్లల్ని చూడ్డానికి వచ్చాను. ఒక్కసారి ఆ చివరి బెంచీలో కూర్చోండి."

"పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది!"

"ఒక్క నిమిషం చాలు."

ఆయన విసురుగా వెళ్ళి కూర్చున్నారు. మెడ సాచారు. అటు ఒరిగారు, ఇటు ఒరిగారు. తను రాసిన కింది వరుసలు తనకే కనపడలేదు. బల్లా, బల్ల మీద నేను రోజూ పెట్టే పెద్ద నీళ్ళ కూజా అడ్డం. ఆరేళ్ళుగా అక్కడే పెడుతున్నాను మరి. అయినా తప్పు నాది కాదు, బల్లది.

"ఒక్కడూ చెప్పలేదే!" అన్నారు.

"మీరు అడిగారా?"

మేష్టారు లేచి వచ్చి కూజా తీసి మూల పెట్టారు.

జీతం తీసుకుని పాఠం చెప్పని మేష్టరమ్మని నేనెక్కడా చూడలేదు. ఓ రోజు అడిగేశాను. "ఏటమ్మా నీ పని?"

"పాఠం చెప్పేవాళ్ళకి తోడుండడం, పిన్నీ."

"అంత చదివినోళ్ళకి తోడేటి?"

ఆమె నవ్వి టీకి వెళ్ళింది. నాకు ఉండబట్టలేదు. ఆమె క్లాసుల్లో కూర్చుని రాసుకునే నోటుబుక్కు తెరిచాను. నాలుగో తరగతి చదివినదాన్ని, తెలుగు అక్షరాలు నాకేం కొత్త కాదు. మేష్టర్ల మీద ఒక్క మాటా లేదు. 'మూడో వరుస, ఎర్ర చొక్కా. పది నిమిషాలకి రాయడం ఆపేశాడు.' అన్నీ ఇలాంటివే! ఏ క్లాసు పేజీ ఆ క్లాసు మేష్టారికే చూపించేది. ఇంకెవరికీ కాదు.

ఏడేళ్ళు అలాగే నడిచింది. ఎనభై అయిదులో కొత్త ప్రిన్సిపాలు వచ్చి, ఎవరు బాగా చెప్పరో తెలియాలి, ఆ బుక్కులు ఇమ్మన్నాడు. ఇవ్వనంది. "అయితే శనివారం మీటింగు పెట్టుకోండి. లెక్చరర్లు తమంతట తాము వస్తే మీ పని ఉంటుంది. లేకపోతే ఎత్తేస్తాను" అన్నాడు.

జగ్గారావు మేష్టారే గది గదికీ తిరిగి పన్నెండు మందిని ఒప్పించారు.

శుక్రవారం మధ్యాహ్నం పక్క పేట బాగ్‌బేరాలో ఎవరిదో పెళ్ళికని వరండాలో సాల్ చెట్టు ఆకుల విస్తళ్ళు కుడుతున్నాను. రమాదేవి వచ్చి పక్కనే చతికిలబడింది. ఓ ఆకు తీసుకుని పుల్ల గుచ్చింది. చిరిగింది. ఇంకోటి తీసింది. అదీ చిరిగింది.

"నీ చేతులు దేనికమ్మా, పెన్ను పట్టడానికేనా?" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "ఇదే పిన్నీ నాక్కావలసింది! రేపు మా వాళ్ళకి మీరు పాఠం చెప్పాలి. పన్నెండు మందికీ విస్తరి కుట్టడం రాదు. రానివాడికి ఎలా ఉంటుందో వాళ్ళు మర్చిపోయి చాలా ఏళ్ళయింది."

"ఓస్, అదెంత పని! నాలుగు పుల్లలు గుచ్చడమేగా."

"అది కాదు పని. ఎవరి ఆకు చిరిగినా మీరు ఇప్పుడు నన్నన్న మాట అనకూడదు. పక్కన కూర్చుని, ఎక్కడ తెలియలేదు బాబూ అని అడగాలి. నాకోసం ఆ ఒక్కటీ చేసిపెట్టండి."