రాత్రి పట్టిన సీసా

1981లో నేను ఆదోని పత్తి మార్కెట్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అప్పట్లో మా దగ్గర షుగరు చూడటమంటే మూత్ర పరీక్షే. బెనెడిక్ట్ అనే నీలి ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగిస్తాం. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, బాగా ఎక్కువైతే ఇటుక ఎరుపు.

ఎమ్మిగనూరులో నూలుకు రంగులు వేసే హుసేన్ సాబ్ నెలకోసారి సీసాతో వచ్చేవాడు. ప్రతిసారీ ఎరుపే. నా చీటీ చూసి డాక్టరుగారు ఇన్సులిన్ పెంచేవారు. నాకు గాజు గొట్టంతో తప్ప మనిషితో పనిలేదన్న గర్వం ఒకటి ఉండేది.

ఒక రోజు ఆయనతో భార్య మాబున్నీ కూడా వచ్చింది. మళ్లీ ఎరుపే తేలింది. నేను చీటీ రాయబోతుంటే ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

“అన్నా, సూదిమందు ఇంకా పెంచితే ఈ మనిషి నాకు దక్కడు. నిన్న పగటేల రంగుతొట్టి కాడ సెమటలు పట్టి పడిపోయినాడు. నోట్లో బెల్లం పెడితే గానీ లేయలేదు.”

“ఎండకు తల తిరిగింటాదిలే అప్పా. ఊరికే బయపడతాంది” అన్నాడు హుసేన్ సాబ్.

చెమటలు పట్టడం, బెల్లంతో తేరుకోవడం చక్కెర పడిపోయిన లక్షణాలు. మరి సీసాలో ఈ ఎరుపేమిటి? ఇన్ని నెలల్లో మొదటిసారి అడిగాను.

“ఇది ఎప్పుడు పట్టినారు?”

“రాత్రి తిన్నాంక పట్టి మూత పెడతాం. తెల్లారి తొలి బస్సు అందుకోవల్ల గదా!” అందామె.

ఇన్నాళ్లూ నేను చూసింది రాత్రి భోజనం తాలూకు చక్కెర. ఆయనను ఒకసారి మూత్రానికి పోయి రమ్మని, నీళ్లు తాగించి, అరగంటకు మళ్లీ పట్టించి మరిగించాను.

“నీలం” అన్నాడాయన, నాకంటే ముందే. “ఇంత సక్కని నీలం మా తొట్టిలో కూడా తేలదప్పా!”

డాక్టరుగారు పాత చీటీలన్నీ తిరగేసి మోతాదు తగ్గించారు.

చర్మం కింద నెలల తరబడి ఉండి, చక్కెర సంగతి ఎప్పటికప్పుడు చెప్పే సెన్సర్లు వచ్చాయని ఈమధ్య చదివాను. మాబున్నీ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆ పని చేసింది ఆమె కళ్లే. రిటైరయ్యేదాకా ఏ సీసా అందుకున్నా ఎప్పుడు పట్టారని అడిగాను. వెంట వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మరీ అడిగాను.

ఆ రోజు వెళ్తూ, “నీ వల్ల బతికినాడన్నా” అని ఆమె నాకు సలాం చేసింది. నిజానికి ఆ సలాం నేను చేయాల్సింది.