నిమ్మకాయతో సహా స్విట్జర్లాండుకు

ఇది నా ఘనకార్యం. ఒక చిన్న చేతి వాచీతో రెండు దేశాల కస్టమ్సు ఆఫీసర్లకు పని కల్పించి, మా మామ నమ్మకాన్ని నడిసముద్రంలో వేలాడదీసి, ఆఖరికి ఒక నిమ్మకాయకు దహన సంస్కారం జరిపించిన కథ. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. మా ఇంట్లో ఎనిమిదేండ్లుగా నవ్వతానే ఉండారు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేండ్లు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుగా కొత్తగా ప్రమోషనొచ్చింది, పెండ్లయి ఏడాదయింది. రెండూ ఒకేసారి తలకెక్కినాయి. మా గుజ్జు డ్రమ్ములు ఓడలెక్కి పరదేశాలకు పోతాయి కాబట్టి, పరదేశాల సంగతి నాకు తెలిసినంత జిల్లాలో ఎవురికీ తెలీదని నా నమ్మకం.

మా మామ, అంటే నా భార్య రేవతి వాళ్ల నాయన, చిత్తూరు నుంచి కార్వేటినగరం పోయే బస్సుకు డ్రైవరు. ఆయన చేతికి ఒక స్విట్జర్లాండు వాచీ. ఆయన పెండ్లికి వాళ్లన్న కువైట్ నుంచి తెచ్చిచ్చింది. బస్టాండు గడియారం నిలిచిపోయినా మామ బస్సు మాత్రం ఆ వాచీ చెప్పిన నిమిషానికే కదిలేది. దారిలో పల్లెల్లో ఆడోళ్లు ఆయన హారను విని ఎసరు పెట్టేవాళ్లంట. కొంచెం ఎక్కువ చెప్పుంటాను గానీ, మరీ అబద్ధం కాదు.

ఆయన రిటైరయ్యేదానికి నాలుగు నెలలుందనగా వాచీ ఆగిపోయింది. మామ దాన్ని విప్పి నా చేతిలో పెట్టినాడు.

"ఆఖరి ట్రిప్పు దీన్ని సూసుకునే తియ్యాలప్పా. మునిసామి దగ్గర ఇచ్చిరా" అన్నాడు.

మునిసామి అంటే చిత్తూరు బజారులో ఒక మేడమెట్ల కింద గాజు పెట్టె పెట్టుకొని కూర్చునే వాచీ రిపేరాయన. డెబ్బై ఏండ్లు ఉంటాయి. కంటికి భూతద్దం తగిలించుకొని, వాచీ మూత తీసి, చుట్టాన్ని చూసినట్టు నవ్వినాడు. లోపల ఒక చక్రం పళ్లు అరిగినాయంట. నెల దినాలు వదిలిపెడితే కొత్తది చేసి వేస్తానన్నాడు.

"చేసి వేస్తావా అన్నా? స్విట్జర్లాండు చక్రాన్ని, ఈడ కూర్చోనా?" అన్నాను.

"ఈడే కదప్పా నేనుండేది" అన్నాడాయన.

పెరటి చెట్టు మందుకు పనికిరాదనేది మా వంశంలో అందరికీ ఉండే జబ్బు. వాచీ పుట్టిన కంపెనీకే పంపిస్తానని చెప్పి లేచినాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. లోపల ఎవురూ కెలక్కుండా తిరిగొస్తే అదే పదివేలన్నాడు. మామకు మాత్రం మునిసామికే ఇచ్చినానని చెప్పినాను. కంపెనీ చేతుల్లో తళతళలాడి వచ్చినాక చూపించి మామ కండ్లు చెదరగొట్టాలని నా ఎత్తు.

ఇంక ప్యాకింగు. అది నా విద్య కదా. మా ఫ్యాక్టరీలో సీజను మొదటి లారీ కదలాలంటే కర్పూరం వెలిగించాల, నిమ్మకాయకు కుంకుమ పూసి కట్టాల. మామ వాచీ లారీ కంటే తక్కువా? మూడు పొరల స్పాంజి మధ్య వాచీని పసిబిడ్డ మాదిరిగా పడుకోబెట్టి, పక్కన కుంకుమ దట్టంగా పూసిన నిమ్మకాయ పెట్టి, దండం పెట్టుకొని అతికించినాను. కొరియరాయన లోపల ఇంకేమన్నా ఉండాదా అని అడిగితే లేదన్నాను. దిష్టి నిమ్మకాయను సరుకు కింద ఎవురన్నా రాస్తారా, మీరే చెప్పండి.

ఆ దేశంలో రాయాలంట. పదిహేను దినాలకు కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఎర్రపొడి పూసిన పండు దొరికి పార్శిలును కస్టమ్సులో ఆపేసినారని, ఆ పండు ఎందుకు పెట్టినారో తెలపమని. దిష్టి తగలకుండా అని నిజాయితీగా రాసినాను. అట్లాంటి రక్షణ కల్పించే ఏర్పాటు తమ వాచీల్లో లేదని వాళ్లు ఎంతో మర్యాదగా జవాబిచ్చినారు. కస్టమ్సువాళ్లకు ఆ మాత్రం మర్యాద కూడా లేదు. వాచీని, పొడిని, పండును వేరు వేరుగా పరీక్ష పెట్టి నెలన్నర కూర్చోబెట్టినారు.

ఈడ మామ దినానికొకసారి అడగతా ఉన్నాడు. నేను దినానికొక అబద్ధం వండి వడ్డిస్తా ఉన్నాను. ఒక ఆదివారం టిఫిను తింటా ఉంటే, తానే మునిసామి దగ్గరికి పోయొచ్చినానని చెప్పినాడు. నోట్లో దోసె నోట్లోనే ఉండిపోయింది.

"పని జరగతా ఉండాదంట. తొందర పెట్టొద్దన్నాడు" అన్నాడు మామ.

నేను తీసిపారేసి వచ్చిన పెద్దాయన నా పరువు కాపాడినాడు. సిగ్గుతో చచ్చిపోయినాను. ఆ దోసె మింగేదానికి రెండు చెంబుల నీళ్లు కావాల్సొచ్చింది.

కొన్ని వారాలకు కంపెనీ ఉత్తరం వచ్చింది. వాచీలో ఒక చక్రం తమది కాదంట. ఎప్పుడో ఎవరో చేత్తో చేసి వేసినారంట. తమ దగ్గర పనిచేసే ఏడు మంది వరసగా వచ్చి దాన్ని భూతద్దంలో చూసి పోయినారంట. ఇప్పుడు తమ చక్రం వేస్తే పక్క చక్రాలతో కుదరదు కాబట్టి, దయచేసి ఆ చేతికే తిరిగి ఇవ్వండి, ఆయనకు మా నమస్కారాలు చెప్పండి అని రాసినారు. పెరటి చెట్టును కాదని పరదేశం వైద్యుడి దగ్గరికి పోతే, ఆయన చీటీలో రాసిచ్చిన మందు మా పెరటి చెట్టే! కింద ఇంకో కాగితం కూడా ఉండాది. నిమ్మకాయను పద్ధతి ప్రకారం తగలబెట్టినామని ముద్ర వేసిన సర్టిఫికెట్టు. రేవతి దాన్ని పటం కట్టించింది.

వాచీ చెన్నై కస్టమ్సులో మళ్లీ ఆగింది. రిపేరుకు పోయి తిరిగొచ్చే వస్తువని పోయేటప్పుడే కాగితం రాయించుకోవాలంట. ఆ కాగితం లేకపోతే, అది పరదేశం నుంచి కొత్తగా దిగిన సరుకు కింద లెక్క. మామ పెండ్లి ఫోటో పట్టుకొని పరిగెత్తినాను. ఆఫీసరు ఫోటోలో చేతికుండే వాచీని, ఎదురుగా ఉండే వాచీని మార్చి మార్చి చూసి, ఆఖరికి వదిలిపెట్టినాడు. మామ ఆఖరి ట్రిప్పుకు ఇంక మూడే దినాలు ఉండాయి. మునిసామి అడిగింది నెల.

గాజు పెట్టె ముందర నిలబడి తల దించుకొని ఉత్తరం మొత్తం తెలుగులో చెప్పినాను. ఆయన కంటికుండే భూతద్దం తీసి పక్కన పెట్టినాడు.

"ఏడు మంది సూసినారా?" అన్నాడు. "నేను చేసిన దినం మీ మామ ఒక్కడే సూసినాడప్పా."

తర్వాత సొరుగు తీసి, చిన్న డబ్బీ నా ముందర పెట్టినాడు. లోపల దూదిలో కొత్త చక్రం, ఆవగింజకు పళ్లొచ్చినట్టు మెరస్తా ఉండాది.

"నువ్వు ఈడ నుంచి పోయిన దినమే మొదులు పెట్టినా. కొలత నా దగ్గరే ఉండాది. వాచీ యాడ తిరిగినా ఈడికే కదా రావాల."

నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, గాజు పెట్టె పడతాదని కసిరినాడు.

మూడో దినం పొద్దున చిత్తూరు బస్టాండులో మామ వాచీ చూసుకొని, నిమిషం తప్పకుండా డ్రైవరు సీటెక్కినాడు. అంతకు ముందు బస్సుకు నిమ్మకాయ కడతా నన్ను పిలిచి, చెవిలో మెల్లగా అడిగినాడు.

"దీన్ని తగలబెట్టరు కదా అల్లుడూ?"

నా పెండ్లాం కడుపులో మాట నిలవదని నాకు తెలియాల్సింది. బస్సు కదిలినాక, మునిసామి గాజు పెట్టె ఉండే దిక్కుకు తిరిగి చెంపలేసుకొని ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ వస్తువునూ రిపేరుకని సముద్రం దాటించను. ఒకవేళ దాటించాల్సొస్తే, నిమ్మకాయను సరుకు కింద రాయిస్తాను.