తోడేలుకు తొడిగిన నడక

గులాబీ రంగంటే నాకు రోత పుట్టింది అశోక్‌నగర్‌లో. అంతకు ముందు ఆ రంగుతో నాకు ఏ తగాదా లేదు. పిల్లల పాటల సీడీలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో 2010 నుంచి నేను యానిమేటర్‌ని. చుట్టూ ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లు. కింద ఫుట్‌పాత్ మీద రాజ్యాంగం జిరాక్సులు అమ్ముతుంటే, పైన రెండో అంతస్తులో మేం ఏనుగుకి గులాబీ బుగ్గలు పెట్టేవాళ్ళం. ఎలుకకీ అవే బుగ్గలు. ఆఖరికి సూర్యుడికి కూడా. కళ్ళు ఇడ్లీలంత, వాటికి విసనకర్రల్లాంటి రెప్పలు. చేపకి కనురెప్పలు అంటించిన చేతులివి. సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చి అవే చేతులతో అన్నం కలుపుకోవాలంటే కాస్త వెగటుగా ఉండేది.

ఆఫీసు యజమానికి, అంటే మా సార్‌కి, నారాయణగూడలో సీడీల కొట్టు. భక్తి పాటలతో మొదలుపెట్టి పిల్లల పాటల్లోకి దిగారు. మనిషి చెడ్డవారు కాదు. గొంతు పెంచరు, పండక్కి స్వీట్లు పంచుతారు. కానీ మధ్యాహ్నం మిర్చి బజ్జీ తింటూ వచ్చి, ఆ చేత్తోనే తెర మీద వేలు పెట్టి, “ఇక్కడ కాస్త నవ్వించండి మేడమ్” అనేవారు. ఆయన వెళ్ళాక కుందేలు ముఖమ్మీద నూనె వేలిముద్ర మిగిలేది. రోజూ దాన్ని తుడవడం నా ఉద్యోగంలో రాయని భాగం. తుడిచినా పోని జిడ్డు మాత్రం బొమ్మలోనే ఉండేది.

ఇక నా సంగతి. నా ఎడమకాలు కుడికాలికంటే కొంచెం పొట్టి. పసితనంలో వచ్చిన పోలియో. కాలం కలిసిరాలేదని చాలామంది వాపోతుంటారు, నాకు కాలు కలిసిరాలేదంతే. ఈ మాట ఎదుటివాళ్ళకంటే ముందు నేనే అనేస్తాను. వాళ్ళు నవ్వేసి వేరే విషయంలోకి వెళ్తారు, నాకూ హాయి. ఆలస్యంగా వచ్చిన రోజు ట్రాఫిక్ అని చెప్పను, కుంటిసాకు చెప్పే హక్కు ఈ ఆఫీసులో నా ఒక్కదానికే ఉందంటాను.

ఈ ఆఫీసులో చేరకముందు నేనొక బొమ్మల పుస్తకం వేశాను. అందులో ఒక నల్లమేక. దానికి వెనక ఎడమకాలు సరిగా ఆనదు. మందతోపాటు బయలుదేరుతుంది, అన్నిచోట్లకీ ఆలస్యంగా చేరుతుంది. అందుకే ముందు పోయినవాళ్ళు చూడనివన్నీ చూస్తుంది. అదే కథ. మేక ఏడవదు, ఎవరూ జాలిపడరు, చివర్లో కాలు బాగవదు. పుస్తకం కూడా మేకలాగే పాఠకుల దగ్గరికి ఆలస్యంగా నడుస్తోంది. చాలా కాపీలు మా అటక మీదే ఆగిపోయాయి.

ఒకరోజు సార్ ఆ పుస్తకం చూసి, దీన్ని సీడీలో పెడదామన్నారు. ఆ ఆఫీసులో నేను సంతోషంగా పనిచేసిన కాలం ఉందంటే ఆ తర్వాతి కొద్ది వారాలే.

యానిమేషన్‌లో నడక చాలా చిన్న పని, చాలా పెద్ద పని కూడా. రెండడుగులు గీస్తే చాలు, కంప్యూటరు వాటినే తిప్పి తిప్పి బొమ్మని ఊరు దాటిస్తుంది. ఆ రెండడుగుల్లోనే ఆ బొమ్మ ఎవరన్నది తెలియాలి. మేక నడక కోసం నేను మా ఇంటి డాబా మీద నీళ్ళ ట్యాంకు గట్టున కెమెరా పెట్టి, దాని ముందు అటూ ఇటూ నడిచాను. యానిమేటర్లందరూ చేసే పనే. ఏ పాత్రకి నడక కావాలన్నా ముందు మనమే నడిచి చూసుకుంటాం. పక్క డాబా మీద వడియాలు పెట్టుకుంటున్న ఆవిడ, నేను మొక్కు తీర్చుకుంటున్నాననుకుని చేతులు జోడించింది. ఆ వీడియో చూస్తూ ఒక్కో బొమ్మా గీశాను. ముందు కాళ్ళు మేకవి, వెనక కాళ్ళు నావి. నా నడకని అంత సేపు, అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అందులో ఒక లయ ఉంది. ఒక కాలు నేలని నొక్కుతుంది, రెండోది తాకీతాకనట్టు తాకి వచ్చేస్తుంది, తల ఒకసారి చిన్నగా ఊగుతుంది. బాగుందనిపించింది. నా గురించి నేను అలా అనుకోవడం అరుదు కాబట్టి గుర్తుంది.

మర్నాడు చూస్తే నా మేక తిన్నగా నడుస్తోంది.

మా ఆఫీసులో తప్పులు పట్టడానికి ఒక చెకింగాయన ఉండేవాడు. దోమలగూడ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. నా ఈడువాడే అయినా అక్కా అని పిలిచేవాడు. ఆయనకి ప్రపంచంలో ఒకే ఒక శత్రువు, జర్క్. బొమ్మ కదలికలో మధ్యలో ఎక్కిలి వచ్చినట్టు అదిరితే దాన్ని జర్క్ అంటాం. గతంలో ఒక టీవీ ఛానల్ వాళ్ళు జర్కుందని మా పాటల్ని వెనక్కి కొట్టారట. అప్పట్నుంచి సార్ ఒక రూలు పెట్టారు. ఈయన జర్క్ అన్న సీను గడప దాటదు, ఆ కదలిక ఆఫీసు కంప్యూటర్లో ఎక్కడా మిగలకూడదు, పొరపాటున మరొకరు వాడతారని.

“అక్కా, మేక నడకల జర్క్ ఉండె. ఎడమ దిక్కు రెండు బొమ్మలు ఎగిరిపోయినట్టున్నయ్. నేనే సాఫ్ చేసిన, నువ్వు పరేషాన్ గాకు” అన్నాడు, సాయం చేసిన ముఖంతో.

అది జర్క్ కాదని, మేక కుంటుతుందని, కథే అదని చెప్పాను. ఆయన పుస్తకం తిరగేసి, నొచ్చుకుని, ఇంకా చెరపని పాత నడక తిరిగి పెట్టాడు. రోజూ మెట్లెక్కి వచ్చే నన్ను చూస్తూ కూడా ఆ నడక ఎక్కడిదో ఆయనకి తట్టలేదు. తట్టకపోవడం మర్యాద అనే అనుకున్నాను.

తర్వాత సార్ చూశారు. మేక గడ్డి మైదానం దాటేదాకా బజ్జీ నమిలారు.

“నడక బాగుంది గానీ, ఇది నడవదండీ” అన్నారు.

ఆ మాటలోని చమత్కారం ఆయన గమనించలేదు. నేను గమనించాను, కానీ నవ్వు రాలేదు. తల్లిదండ్రులు అవిటి మేకని కొనరన్నారు. కావాలంటే కుంటనీయండి, చివర్లో ఒక దేవత వచ్చి కాలు బాగుచేయాలి, వెనక వయొలిన్, మేక కంట్లో నీళ్ళు, తర్వాత పరుగు. ఆయన చెబుతుంటేనే నాకు వయొలిన్ వినిపించింది. ఏడ్చే కన్ను ఎంత పెద్దగా ఉండాలో తెర మీద వేలితో గీసి చూపించారు. నా నల్లమేక కంటి చుట్టూ మిరపకాయ బజ్జీ నూనె.

దేవత వద్దన్నాను. ఉద్యోగం మానేయలేదు, ఇంటి కిరాయి అలాంటి ధైర్యానికి ఒప్పుకోలేదు. ఒక బేరం పెట్టాను. సీడీలో మేక తిన్నగానే నడవనీయండి, కానీ అది నా మేక కాకూడదు. పేరు మార్చండి, కథ మార్చండి, రంగు మార్చండి. నా నల్లమేక నా పుస్తకంలోనే ఉండనీయండి.

సార్ ముఖం వెలిగిపోయింది. “అసలు తెల్లమేక అయితే బావుంటుందని మొదట్నుంచీ అనుకుంటున్నానండీ. మీరు ఫీలవుతారని ఊరుకున్నాను.”

ఆ మధ్యాహ్నమంతా మేకకి మేకప్ వేశాను. తెలుపు పోశాను, బుగ్గలకి గులాబీ అద్దాను, మెడలో గంట కట్టాను, అన్ని బొమ్మలకీ తొడిగే ఆఫీసు నడక తగిలించాను. చెకింగాయన ఒక్క చూపుతో పాస్ చేశాడు. చేదు పోవడానికి కిందికి దిగి సోడా తాగాను. అయినా ఒక నిశ్చింత. నాది నాకు మిగిలింది.

అలా అనుకోవడంలో నేను మా ఆఫీసు పద్ధతిని లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ ఏదీ పారేయరు. ఎవరు ఏ కదలిక గీసినా అందరి ఫోల్డర్‌లో పడుతుంది. పిల్లి ఆవలింతని సింహానికి పెడతారు, పెళ్ళికూతురి సిగ్గుని తాబేలుకి పెడతారు. పది బొమ్మలు ఒకే నవ్వు నవ్వేవి మా సీడీల్లో. మేక మీద నుంచి తీసేసిన నా నడక కూడా ఆ ఫోల్డర్‌లోనే పడి ఉంది.

కొత్త సీడీ పూర్తయితే అందరం కలిసి చూడటం ఆఫీసు ఆనవాయితీ. వర్షాకాలంలో ఒక శనివారం సమోసాలు తెప్పించి, కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాం. తెల్లమేక పాట అయింది, చప్పట్లు కొట్టారు. తర్వాతి పాటలో దొంగ తోడేలు వచ్చింది. గళ్ళ లుంగీ, పళ్ళ మధ్య ఎముక, భుజాన సంచి, రెండు కాళ్ళ మీద నడక.

ముందు కాళ్ళు తీసేసరికి మిగిలింది నేను.

ఒక కాలు నేలని నొక్కడం, రెండోది తాకీతాకనట్టు తాకి రావడం, తల చిన్నగా ఊగడం. అన్నీ నావే. ప్రతి కుంటుకీ వెనక స్ప్రింగ్ సాగినట్టు ‘బొయ్ఁ’మని ఒక చప్పుడు పెట్టారు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా గది నవ్వింది. పాట పొడుగునా తోడేలు అటు నడుస్తుంది, ఇటు నడుస్తుంది, అటు బొయ్ఁ, ఇటు బొయ్ఁ. నేను నోట్లో పెట్టుకున్న సమోసా ముక్క మింగలేదు, ఉమ్మలేదు. బంగాళాదుంప నోట్లోనే చల్లబడి ముద్దయింది. ఎవరో నా చర్మం విప్పి, ఉతక్కుండానే ఇంకొకరికి తొడిగినట్టనిపించింది.

చెకింగాయన నవ్వడం మధ్యలో ఆపేశాడు. తెరని చూశాడు, కుర్చీ కింద నా చెప్పుల్ని చూశాడు. ఎడమ చెప్పుకి మడమ మందం ఎక్కువ. చేతిలో సమోసాని కాగితం మీద పెట్టేశాడు.

అందరూ వెళ్ళాక సార్ గదికి వెళ్ళాను. తోడేలు నడక మార్చాలన్నాను.

“ఎందుకండీ? హైలైటే అది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు.”

“ఆ నడక నాది సార్.”

“తెలుసు కదండీ, మీరే గీశారు.”

“గీసుడు కాదు సార్. నడిచింది నేనే. నన్ను చూసుకుంటనే గీసిన.”

ఆయన నా ముఖం చూశారు. తర్వాత కాలు చూడబోయి, చూడకూడదని గుర్తొచ్చి, కిటికీ వైపు చూశారు. చాలాసేపు రుమాలుతో చేతులు తుడుచుకున్నారు, అంత శుభ్రంగా ఆయన తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నిజంగానే బాధపడ్డారనుకుంటాను. బాధపడి, ఆలోచించి, తనకి తెలిసిన దారిలో పరిష్కారం వెతికారు.

“పోనీ, చివర్లో పేర్లు పడతాయి కదండీ, అక్కడ వేయిద్దాం. తోడేలు నడక అని రాసి, మీ పేరు. ప్రత్యేకంగా.”

తిడితే ఎదురు తిట్టొచ్చు. ఇది తిట్టు కాదు. ఆయన నాకు గౌరవం ఇవ్వబోతున్నారు. ఎంగిలి పళ్ళెం మీద జరీ శాలువా కప్పినట్టుంది. ఆలోచించి చెప్తానని బయటికి వచ్చేశాను.

చెకింగాయన ఇంకా తన కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. తోడేలు పాట మీద ఆయన సంతకం ఇంకా పడలేదు, అది పడ్డాకే బయటికి పోవాలి. పక్కన కూర్చున్నాను.

“జర్క్ అని రాయి” అన్నాను.

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. “అది జర్క్ గాదక్కా. ఇప్పుడు నాకు ఎరుకే. నా నోటితోని మల్ల అననీకె రాదు.”

“నువ్వు అనకు. నేనంటున్న. గీసినదాన్ని నేనే జర్క్ ఉందంటున్న. అట్ల అంటేనే తీసేస్తరు.”

“ఫోల్డర్ల కెల్లి గూడ పోతది. మల్ల రాదు.”

“ఎరుకే.”

నా నడకలో లయ ఉందని డాబా మీద కనుక్కున్నదాన్ని, అందులో తప్పుందని నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే ఆ లుంగీ తోడేలు నారాయణగూడ కొట్టు నుంచి ఇంటింటికీ నాలాగా నడుచుకుంటూ పోతుంది. ఆ తర్వాత వీధిలో నన్ను చూసిన ప్రతి పిల్లకీ ఒక చప్పుడు గుర్తొస్తుంది. నాకు తప్పనిపించుకోవడం అలవాటే, చప్పుడనిపించుకోవడం అలవాటు లేదు.

ఆయన రాశాడు. ‘తోడేలు, నడకలో జర్క్, తొలగించవలెను.’ తర్వాత ఫోల్డర్ తెరిచి, కుర్చీ జరిపి, మౌస్ నా వైపు తోశాడు. ఈ ఒక్క పని తనతోని కాదన్నాడు.

తొలగించాను. నిజంగానే తొలగించాలా అని కంప్యూటరు అడిగింది. ఆ ఆఫీసులో ఆ ప్రశ్న అడిగింది అదొక్కటే. అవునన్నాను.

తోడేలుకి ఆఫీసు నడక తగిలించాం. ‘బొయ్ఁ’లు తీసేశాం. అది దొంగలా కాకుండా బ్యాంకు పనిమీద పోతున్న పెద్దమనిషిలా తిన్నగా నడిచింది. సోమవారం సార్ చూసి, సరదా తగ్గిందని నసిగారు. కానీ కాగితం మీద జర్క్ అని ఉంది, రూలు ఆయనదే. పేరు సంగతేం చేశారని నన్నడిగారు. నడక లేదు కాబట్టి పేరు కూడా అక్కర్లేదన్నాను.

ఇంటి దగ్గరున్న డాబా వీడియో చెరపలేదు. నల్లమేకని ఇంకెప్పుడైనా, ఇంకెక్కడైనా నడిపించాలంటే మళ్ళీ మొదటి గీత నుంచి గీసుకోవాలి. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి, ఆ నడకని ఒకసారి కళ్ళ ముందు తెచ్చుకుందామని చూశాను. తోడేలే కనిపించింది, లుంగీతో సహా. కొన్నాళ్ళు అలాగే కనిపించింది. ఆ రోజు మాత్రం బస్సొచ్చినా ఎక్కకుండా, ఆ నడకని నా కాళ్ళతోనే తిరిగి తెచ్చుకుందామని, నలుగురూ చూస్తారన్న జంకుతోనే, చిక్కడపల్లిదాకా గోడ వారగా నడిచాను.