అవ్వ విన్న నవల

నా చిన్నప్పుడు, కువైట్‌లో యుద్ధం మొదలైన ఆ వానాకాలంలో, మా ఇంట్లో రేడియో తప్ప ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. మా నాయిన అక్కడ లారీ నడిపేవాడు. ఇరాక్ సైన్యం అక్కడ దిగిందని రేడియోలో విన్న రోజు నుంచి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు. అమ్మ పొద్దున్నే శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు బస్సులో పోయి, ఎస్టీడీ బూత్‌లో నంబరు తిప్పించి, లైను కలవక తిరిగి వచ్చేది. గడపలో ఆమె అడుగు పెట్టే తీరు చూస్తేనే మాకు అర్థమైపోయేది. నేను ఏమీ అడిగేదాన్ని కాదు. అడిగితే నిజంగానే ఏదో జరిగిపోతుందని నా భయం.

నాయిన తల్లి, మా అవ్వ మాత్రం తన పని మానలేదు. పొద్దున చెరువు దగ్గర చేపలు తీసుకుని ఊళ్లో అమ్మి వచ్చి, మధ్యాహ్నం అరుగు మీద చిరిగిన వలలు బాగుచేసుకుంటూ కూర్చునేది. మేడ్చల్‌లో ఇంటర్ చదివే పక్కింటి అక్క, వాళ్లింట్లో వెలుతురు తక్కువని, లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని మా అరుగు మీదే చదువుకునేది. ఒకరోజు అవ్వే అడిగింది.

"మనసులనే సదువుకుంటవేందే, జర మాగ్గూడ ఇనవడేటట్టు సదువు."

అది ఏదో దూరదేశపు నవలకు తెలుగు అనువాదం. అక్కడా యుద్ధమే. మగవాళ్లంతా పోరుకు వెళ్లిపోయిన ఒక వీధిలో ఆడవాళ్లు రొట్టెల దుకాణం నడుపుతుంటారు. పిండి దొరకదు, కట్టెలు దొరకవు. ఇంట్లో కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెడతారు. విమానాల చప్పుడు వినగానే పిల్లల్ని చంకనేసుకుని నేలమాళిగలోకి పరిగెత్తుతారు. కథానాయిక పేరు అవ్వకు నోరు తిరగలేదు, "రొట్టెల పిల్ల" అనేది. చేపల గంప ఎత్తుకుంటూ కూడా, "ఆ రొట్టెల పిల్లకు ఇయ్యాల పిండి దొరుకుతదంటవా?" అని నన్ను అడిగేది.

అమ్మకు ఇదంతా నచ్చేది కాదు. "ఇంట్ల ఉన్న పరేషాన్ సాలదా అత్తమ్మా? మల్ల గీ యుద్ధం కథలెందుకు?" అని విసుక్కుని లోపలికి వెళ్లిపోయేది. కానీ అక్క చదువుతున్నంతసేపూ తలుపు చాటున ఆమె చీర కొంగు నాకు కనిపిస్తూనే ఉండేది.

రొట్టెల పిల్ల భర్త దగ్గర్నుంచి కూడా కబురు లేదు. నేను లోలోపల ఒక పందెం కట్టుకున్నాను. కథలో ఆయన వస్తే మా నాయిన వస్తాడు. ఎవరికీ చెప్పలేదు. అక్క పేజీ తిప్పినప్పుడల్లా ఆమె ముఖం వైపే చూసేదాన్ని.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అక్క చదువుతూ చదువుతూ ఆగింది. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి గడగడా. కథలో ఆయన వంతెన దాటి వచ్చేశాడట. రొట్టెల పిల్ల ఎదురు పరిగెత్తిందట. వీధి వీధంతా పండగ చేసుకుందట. నాకు లేచి గంతులు వేయాలనిపించింది.

వల మీద అవ్వ చెయ్యి ఆగింది.

"ఆగు బిడ్డా. నువ్వు కాయితం దిక్కు సూస్తలేవు."

అక్క ముఖం పాలిపోయింది. "అట్లనే ఉందవ్వా."

"ఉన్నది సదువు. నా కోసం కల్పించకు."

అక్క నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. "ఇప్పుడొద్దవ్వా. నీ కొడుకు అక్కడుండంగ..."

"గందుకే సదువుమంటున్న. ఆ పిల్ల మీద పడ్డది ఆ పిల్ల మోసింది. మనం ఇననన్న ఇనలేమా?"

అక్క కళ్లు తుడుచుకుని చదివింది. ఆయన వంతెన దగ్గరే చనిపోయాడు. కబురు తెచ్చిన సైనికుడిని కూర్చోమనడానికి ఆ ఇంట్లో కుర్చీ కూడా మిగల్లేదు. ఆమె తెల్లవార్లూ ఏడ్చింది. పొద్దున వీధిలో పిల్లలు ఆకలితో వచ్చి నిలబడితే, లేచి పిండి కలిపింది.

లోపల గిన్నె కింద పడింది. అమ్మ బయటికి వచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూలబడింది. ఇన్నాళ్లూ ఆమె నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"అత్తమ్మా, ఆయనకు ఏమన్నయితే నేనెట్ల బతకాలె?"

అవ్వ వల పక్కకు నెట్టి అమ్మ తలను ఒళ్లోకి తీసుకుంది. "అయితే ఏడుస్తం. ఇద్దరం గల్సి ఏడుస్తం. నువ్వొక్కదానివే ఏడుస్తవనుకున్నవా? గాని ఇంక ఏ కబురూ రాలే. రాకముందే వాన్ని సంపకు బిడ్డా."

అవ్వ గొంతు వణకడం నేను వినడం అదే మొదలు. భయమే తెలియదనుకున్న మనిషికీ మా అంత భయం ఉందని తెలిశాక, ఎందుకో నా గుండె కాస్త నెమ్మదించింది. నా పందెం సంగతి కూడా చెప్పేశాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "పిచ్చి పిల్లా, అది ఆ రొట్టెల పిల్ల కథ. మన కథ ఇంక ఒడువలే, నడుస్తనే ఉంది."

ఆ సాయంత్రం ముగ్గురం ఒకచోట కూర్చుని తిన్నాం. మర్నాడు మేడ్చల్ బస్సులో అమ్మతో పాటు అవ్వ కూడా ఎక్కింది. లైను కలవలేదు. అయినా ఇద్దరూ మాట్లాడుకుంటూ తిరిగి వచ్చారు.

చలి మొదలయ్యే రోజుల్లో నాయిన వచ్చాడు, ఎడారి దాటి, జోర్డాన్ మీదుగా, చేతిలో ఒక్క సంచితో, మనిషి సగమై. అవ్వ ఆయన్ని చూసి వీధిలోనే చతికిలబడి, ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

చాలా ఏళ్లకు అమ్మకు జబ్బు ముదిరినప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. ఆమెకు తెలియనివ్వద్దని ఇంట్లో అందరూ అన్నారు. నేను మాత్రం వెళ్లి, మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ జేసినవ్. ఇగ నువ్వు వంటింట్లకు వోయి ఒక్కదానివే ఏడ్వకు."

ఇప్పటికీ ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే నాకు భయమేస్తుంది. ముందు వాళ్ల పక్కన చోటు చూసుకుని కూర్చుంటాను. తర్వాతే నోరు విప్పుతాను.