రాజు వేషగాడి కోసం ఖతర్ దాకా

జగిత్యాలలో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కాను. రాజు వేషం వేసేవాడు లేక మా ఊరి యక్షగానం రెండేళ్ళుగా ఆగిపోయింది. ఈ ఏడు కూడా దొరక్కపోతే ఆట మానేద్దామని మావాళ్ళు తేల్చేశారు. పద్యాలన్నీ నోటికి వచ్చినవాడు ఒక్క రాజవీరే మిగిలాడు, వాడేమో ఎనిమిదేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు. దోహాలో అకౌంటెంటుగా ఉన్న మా మేనల్లుడు శ్రీధర్ నెల రోజుల వీసా పంపాడు. డెబ్బై మూడేళ్ళవాణ్ణి, ఆ ఆట నేర్పే గురువుని, రాజవీరును వెంటబెట్టుకుని వస్తానని అందరికీ మాటిచ్చి బయలుదేరాను.

హైదరాబాదు చేరేసరికి పన్నెండున్నర. విమానం మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి. వెళ్ళదలచినవారు ఇంటినుంచే సద్ది కట్టుకోండి. విమానాశ్రయంలో ఇడ్లీ ధర అడిగి, సిగ్గులేదా అని అడగబోయి, నీళ్ళు తాగి ఊరుకున్నాను. విమానంలో పక్క సీటులో మెట్‌పల్లి మనిషి, ఇది నాలుగోసారి పోవడమట.

“దుబాయ్‌ల ఎవలున్నరు తాతా?” అన్నాడు. దుబాయ్ కాదు, ఖతర్ అని దిద్దాను.

“ఏదైతేంది, ఎండ ఒక్కటే,” అని కళ్ళు మూసుకున్నాడు.

అక్కడి గడియారం ప్రకారం ఐదున్నరకు దిగాం. శ్రీధర్ వచ్చి అల్ వక్రాలోని ఇంటికి తీసుకువెళ్ళాడు. మూడు రోజులు ఏసీ కింద దుప్పటి కప్పుకుని శుక్రవారం కోసం కూర్చున్నాను. రాజవీరు ఉండే కార్మికుల క్యాంపుకు వెళ్ళాలంటే ఆ ఒక్కరోజే. వాళ్ళకు మిగతా ఆరు రోజులూ డ్యూటీ.

శుక్రవారం పదింటికి కారులో బయలుదేరాం. వెస్ట్ బేలో సగం లేచిన మేడల మీద క్రేన్లు. ఇదంతా గ్యాసు డబ్బు మామా అన్నాడు శ్రీధర్, తన జేబులోంచి తీసి కట్టించినట్టు. ఎవరి చేతులతో కట్టించారురా అని అడిగితే రేడియో పెట్టాడు. అల్ ఖోర్ దాటి క్యాంపు గేటు చేరేసరికి పదకొండున్నర. పేరు రాసుకుని లోపలికి వదిలారు. గదికి పదిమంది. పదిమందికీ ఒక కిటికీ. దాన్ని కూడా ఇసుక వస్తుందని అట్టముక్కతో మూసేశారు. మనుషుల్ని ఇలా సర్దవచ్చునని కనిపెట్టినవాణ్ణి ఒక్క రాత్రి అందులో పడుకోబెట్టాలి.

రాజవీరుకు జుట్టు నెరిసింది. గ్యాసు ప్లాంటు ఆఫీసులో జపాను ఇంజనీర్లకు టీలు ఇస్తాడు. వాళ్ళలో ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ ఒక సీరియల్ సీడీలు వీడికి ఇచ్చాడట. శుక్రవారం భోజనాలయ్యాక మెస్ హాల్లో అది పెడతారు, రాజవీరు టీవీ పక్కన నిలబడి అందరి మాటలూ తెలుగులో చెబుతాడు. వాడికి తెలిసిన జపాను మాటలు ముప్ఫై ఉంటాయేమో. మిగతాదంతా సొంత అల్లిక. మేం పప్పన్నం తిని కూర్చునేసరికి రెండయింది.

నవ్వించే ప్రేమకథ అది. ఒకే మేడలో పైన అబ్బాయి, కింద అమ్మాయి. ఇద్దరికీ ఇష్టమే, నోరు విప్పి చెప్పుకోరు. ఇదే నస ఎన్నో భాగాలు. అయితే ఆ మేడ గుమ్మం ఊడ్చే ముసలమ్మ ఒకతె ఉంది. వచ్చేపోయేవాళ్ళను ఆపి ఆరా తీస్తుంది. నాకు భాష రాదు గాని ఆట తెలుసు. ఆ జంట తమ ముఖం ఎలా కనబడుతోందో చూసుకుంటూ ఆడుతున్నారు, ముసలమ్మ ఎదుటివాడి మాట వింటూ ఆడుతోంది. ఆమె ఉన్నంతసేపూ కథానాయకుడు గోడకు కొట్టిన మేకే.

అబ్బాయి పూలు పట్టుకుని మెట్లు దిగాడు. రాజవీరు నడుం వంచి ముసలమ్మ అయిపోయాడు.

“ఎవలు బిడ్డా నువ్వు? ఆ పూలు పెండ్లికా, పీనుగకా? నీ మొకం జూస్తె పీనుగకే అనిపిస్తంది.”

హాలు ఊగిపోయింది. అబ్బాయి తన ప్రేమ మాటలు మొదలుపెట్టాడు. రాజవీరు గొంతు చప్పబడింది. “వాణ్ని ఉరికియ్యన్నా, అవ్వను రానియ్,” అన్నాడు వెనకనుంచి ఒకడు. రాజవీరు రిమోట్ నొక్కి అబ్బాయిని పరుగెత్తించాడు.

ఆ ముసలమ్మ మా కావలివాడే. యక్షగానంలో రాజు రాగానే కర్ర పట్టుకుని ఎవరు స్వామీ మీరు అని అడిగేవాడు. ఆ వేషం పదిహేనేళ్ళు రాజవీరుదే. జనం వాడి కోసమే వచ్చేవారు. రాజు వేషం మాత్రం ఖర్చు భరించే పటేలు కొడుక్కి ఇచ్చేవాణ్ణి. ఆ దొరబాబు పద్యం మరిచిపోతే గుమ్మం దగ్గరనుంచి అందించేది రాజవీరే. ఒక్క ఆటకు రాజు ఇయ్యమని ఒకసారి అడిగాడు. కావలివాడు కావలి కాయాలిరా అన్నాను. ఇప్పుడు పటేలు కొడుకు కరీంనగర్‌లో సిమెంటు అమ్ముకుంటున్నాడు.

మూడున్నరకు ఆట మధ్యలో ఆపి టీ ఇచ్చారు. రాజవీరును నీళ్ళ ట్యాంకు నీడకు తీసుకుపోయి, రాజు వేషం ఇక నీదే, వచ్చెయ్ అన్నాను. వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. రాజు పద్యం ఒకసారి చదివి చూపించు అన్నాను. చదివాడు. ఒక్క అక్షరం తప్పలేదు. కాని గడ్డం ఛాతీకి ఆనింది, మోకాళ్ళు వంగాయి, లేని కర్రను కుడిచేయి పట్టుకునే ఉంది.

“తల ఎత్తురా, రాజువి నువ్వు,” అన్నాను.

ఎత్తాడు. గొంతు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అదే చోట ఆగిపోయింది. మూడోసారి చెమట తుడుచుకుని నన్ను చూశాడు.

“ఎత్తితె మాట వస్తలేదు గురువా.”

ఆటకు ఇంకా నాలుగు నెలలుంది, నేర్పుతాను అన్నాను.

“పదిహేనేండ్లు నేర్పినవు గద,” అన్నాడు. కోపంగా అనలేదు.

లోపలినుంచి “యల్లా, జల్ది రా అన్నా, అవ్వ కోసం కూసున్నం” అని కేక వేశారు. వాడు నా గ్లాసు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

నెల ఆగకుండా సోమవారం విమానానికే టికెట్ మార్పించుకున్నాను. ఖతర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇసుక, క్రేన్లు, అట్టముక్క పెట్టిన కిటికీ ఉన్నాయి. హైదరాబాదులో దిగి, బస్సు పట్టుకుని, మర్నాడు సాయంత్రం నాలుగింటికి జగిత్యాల చేరాను.

బస్టాండుకు మావాళ్ళు ఎనిమిదిమందీ వచ్చారు. మద్దెల వాయించే ఎల్లయ్య నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బస్సు ఖాళీ అయ్యేదాకా చూశాడు. కంపెనీ వదలడం లేదన్నాను. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నారన్నాను. అందరూ కంపెనీని అందుకున్నారు, మన మనిషిని కట్టేసుకున్నారు, వాళ్ళ కొంప కూలిపోను అని. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా.